టెక్కా సెంటర్‌లో అత్తయ్యగారి అట్టు

సింగపూర్ నుంచి వచ్చి మూడు వారాలైంది. చుట్టాలు ఫోన్ చేసి "ఏం చూశారు పిన్నీ అక్కడ?" అని అడిగితే మా అత్తయ్యగారు సముద్రం గురించీ, జంతువుల గురించీ చెప్పరు. "అక్కడో అట్లావిడ ఉందే అమ్మా..." అని మొదలుపెడతారు. నేనూ ఆ అట్ల గురించే రాస్తున్నాను. దాంతోపాటు భోజనాల పేరు చెప్పి మా దగ్గర 26,000 రూపాయలు పట్టుకుపోయిన ట్రావెల్ ఏజెంటు గురించి కూడా రాయాలి. శాకాహారం తప్ప ముట్టని పెద్దవాళ్లని వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లు మాలాగ ఇంకొకరు మోసపోకూడదు.

మాది విశాఖపట్నం. వెళ్లింది నలుగురం: నేను, మావారు, ఏడో తరగతి చదివే మా బాబు, డెబ్భై నాలుగేళ్ల అత్తయ్యగారు. ఆవిడ మాంసం వండే చోట మంచినీళ్లు కూడా పుచ్చుకోరు. పెళ్లిళ్లకి వెళ్లినా వంటవాళ్లెవరో కనుక్కునే గానీ విస్తరి ముందు కూర్చోరు. అలాంటి మనిషిని విమానం ఎక్కించడానికి మావారు ఆర్నెల్లు బతిమాలారు. ఎన్నిసార్లు అడిగినా ఆవిడది ఒకటే ప్రశ్న, "అక్కడ నేనేం తింటానురా?" అని.

దానికి జవాబు ఏజెంటు చెప్పాడు. "ఐదు రాత్రులూ ప్యూర్ వెజ్ సౌత్ ఇండియన్ డిన్నర్ అండీ, పెద్దావిడకి ఏ ఇబ్బందీ రానివ్వం" అన్నాడు. పూటకి తలకి 20 సింగపూర్ డాలర్లు. నలుగురికి ఐదు పూటలకి 400 డాలర్లు. అప్పుడు డాలరు 65 రూపాయల దగ్గర ఉంది. టికెట్లు, వీసాలు, గదుల డబ్బు కాక ఇది విడిగా కట్టించుకున్నాడు. కూపన్లు రంగుల్లో ప్రింటు తీసి, కవరులో పెట్టి, అత్తయ్యగారి చేతికే ఇచ్చాడు. ఆవిడ వాటిని దేవుడి దగ్గర పెట్టి దండం పెట్టుకుని మరీ సంచిలో సర్దుకున్నారు.

విశాఖ నుంచి నేరుగా విమానం ఉంది, నాలుగు గంటల ప్రయాణం. గురువారం రాత్రి ఎక్కి శుక్రవారం తెల్లారేసరికి సింగపూర్ చాంగీ విమానాశ్రయంలో దిగాం. టాక్సీ అక్కర్లేదు. ఎమ్మార్టీ, అంటే అక్కడి మెట్రో రైల్లో ఎక్స్‌పో స్టేషన్ దగ్గర దిగి డౌన్‌టౌన్ లైన్ ఎక్కితే నేరుగా మనవాళ్ల పేట లిటిల్ ఇండియా స్టేషన్‌కి చేరుస్తుంది. స్టేషన్ బోర్డుల మీద తమిళం కూడా కనిపిస్తుంది, అత్తయ్యగారికి అదే సగం ధైర్యం. టికెట్టు కొనకుండా బ్యాంకు కార్డే గేటు దగ్గర ఆనించి వెళ్లొచ్చు. కాకపోతే విదేశీ కార్డుకి ఒక్కోదానికి రోజుకి 60 సెంట్లు అదనంగా పట్టుకుంటారు, అది తెలుసుకుని వెళ్లండి.

ఆ పేటలో తీసుకున్న గదుల సంగతి చెప్పాలి. రాత్రికి 118 డాలర్ల చొప్పున రెండు గదులు. ఏజెంటు చూపించిన ఫోటోల్లో కిటికీ ఉంది, తెర ఉంది, తెర వెనక ఎండ కూడా ఉంది. మాకిచ్చిన రెండు గదులకీ కిటికీ లేదు. అడిగితే కిటికీ ఉన్న గదికి ఇంకో 25 డాలర్లన్నారు. ఆ పేటలో చవక హోటళ్లలో కిటికీ లేని గదులు మామూలేనట, బుక్ చేసేటప్పుడే అడగాలి. అత్తయ్యగారు నాలుగున్నరకి లేచే మనిషి, లేవగానే సూర్యుడికి దండం పెట్టుకోవాలి. సింగపూర్‌లో ఏడాది పొడుగునా పొద్దు పొడిచేసరికి ఏడవుతుంది. ఆ కిటికీ లేని గదిలో, పగలో రాత్రో తెలియకుండా, లైటు వేస్తే మనవడి నిద్ర చెడుతుందని చీకట్లోనే కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆరున్నరకి తలుపు తట్టి చూస్తే ఆవిడ అలా కూర్చుని ఉండటం నాకింకా కళ్లలో ఉంది.

ఇక మొదటి రాత్రి భోజనం.

కూపన్ చూపిస్తే బఫే వైపు వెళ్లమన్నారు. సౌత్ ఇండియన్ ఎక్కడండీ అని అడిగాను. కుర్రాడు మూత తీసి జీరా రైస్ చూపించాడు. పక్కన ఆలూ క్యాప్సికమ్, పసుపు నీళ్లలాంటి పప్పు, ఎండిపోయి అంచులు గట్టిపడ్డ నాన్. సాంబారు లేదు, పెరుగు లేదు. అదే వరుసలో, ఒక చట్నీ గిన్నె అడ్డం పెట్టి, దాని తర్వాత చికెన్ కూర, చేపల వేపుడు. ఇంతవరకైనా అత్తయ్యగారు పళ్ల బిగువున ఓర్చుకున్నారు. మనవడు ఆకలి మీదున్నాడని ప్లేటు కూడా పట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే ముందున్న ఒకాయన చికెన్ వడ్డించుకుని, ఆ గరిటెని తీసుకొచ్చి పప్పులో పెట్టాడు.

ఆవిడ ఏమీ అనలేదు. ప్లేటు యథాస్థానంలో పెట్టేసి వచ్చి కూర్చుని, "మీరు తినండర్రా, నాకు ఆకలిగా లేదు" అన్నారు. మావారు తల ఎత్తలేదు. నాకు ముద్ద దిగలేదు. మేనేజర్ని పిలిస్తే పొరపాటైందన్నాడు, వేరే పప్పు తెప్పిస్తానన్నాడు. ఇరవై నిమిషాలకి వచ్చిన ఆ పప్పుని ఆవిడ తాకనైనా తాకలేదు. ఆ రాత్రి గదిలో రెండు అరటిపళ్లు, నాలుగు బిస్కెట్లు తిని పడుకున్నారు. 80 డాలర్ల కూపన్లు ఆ పూట అలా చెల్లాయి.

ఏజెంటుకి వాట్సాప్‌లో ఫోటోలు పెట్టాను. గంట తర్వాత జవాబొచ్చింది. "కొంచెం అడ్జస్ట్ అవ్వండి మేడమ్, ఫారిన్‌లో ఇలాగే ఉంటుంది." ఆ మాట పచ్చి అబద్ధం. మేం ఆకలితో పడుకున్న ఆ గదికి పది నిమిషాల నడకలో రెండు మూడు డాలర్లకి వేడివేడి అట్టు వేసిచ్చే స్టాలు ఉంది. కూపన్లు అమ్మేవాడికి అది తెలియకపోతే తప్పు, తెలిసీ చెప్పకపోతే ఇంకా తప్పు.

శనివారం సాయంత్రం సెరంగూన్ రోడ్డులో ఉన్న శ్రీనివాస పెరుమాళ్ గుడికి వెళ్లాం. 1855 నాటి గుడి. స్వామిని చూడగానే అత్తయ్యగారి ముఖం తేటపడింది. ప్రదక్షిణ చేస్తుంటే మా మాటలు విని ఒక తెలుగావిడ పలకరించింది. పాతికేళ్లుగా అక్కడే ఉంటోందట, ఉగాదికి తెలుగువాళ్లందరూ ఈ గుడికే వస్తారని చెప్పింది. భోజనం సంగతి ఎత్తితే "పెద్దావిడని టెక్కాకి తీసుకెళ్లండి. కానీ చేపల మార్కెట్ వైపు నుంచి మాత్రం వెళ్లకండి. తినేచోటు ఎటో అడిగి అటునుంచి వెళ్లండి" అంది. ఆ రెండో మాట ఎంత విలువైనదో మర్నాడు తెలిసింది.

ఆ రాత్రి మాత్రం మావారు తప్పు దిద్దుకోవాలని ఒక మంచి శాకాహార రెస్టారెంటుకి తీసుకెళ్లారు. తిండి బాగుంది. మెనూ కార్డు మీద ధరల పక్కన రెండు ప్లస్ గుర్తులున్నాయి, మేం పట్టించుకోలేదు. పనీర్ 14, దాల్ 12, జీరా రైస్ 7, నాలుగు నాన్‌లు 14, రెండు నీళ్ల సీసాలు 5, మొత్తం 52 డాలర్లు. దాని మీద పది శాతం సర్వీస్ చార్జి 5.20, ఆ మొత్తం మీద తొమ్మిది శాతం జీఎస్టీ 5.15, కలిపి 62.35. మన డబ్బులో నాలుగు వేల పైచిలుకు. వాళ్లు మోసం చేశారనను, అక్కడి పద్ధతి అది, రెండు ప్లస్‌లంటే అర్థం అదే. కానీ అత్తయ్యగారు ఒక నాన్ ముక్క, రెండు చెంచాల పప్పు తిన్నారు. బిల్లు ఎంతయిందని అడిగితే మావారు చెప్పలేదు. ఆవిడే నా చేతిలోంచి కాగితం తీసుకుని చూశారు. ఇంకెప్పుడూ నన్నిలాంటి చోటికి తీసుకురాకండి అన్నారు.

ఆదివారం పొద్దున్నే టెక్కాకి బయల్దేరాం.

టెక్కా సెంటర్ అంటే మన రైతుబజారూ, బట్టల కొట్లూ, టిఫిన్ సెంటర్లూ ఒకే కప్పు కింద ఉన్నట్టు. కింద ఒకవైపు కూరగాయలు, చేపలు, మాంసం. ఇంకోవైపు తినుబండారాల స్టాళ్లు. మేడ మీద చీరల కొట్లు, దర్జీలు. ఇలా వరసగా స్టాళ్లుండే చోటుని అక్కడ హాకర్ సెంటర్ అంటారు. ఒకప్పుడు రోడ్ల మీద బళ్లు పెట్టుకుని అమ్ముకునేవాళ్లని ప్రభుత్వం 1970ల నుంచి ఇలాంటి కప్పుల కిందికి చేర్చి, కుళాయి, మురుగు కాలువ, కరెంటు ఇచ్చి కూర్చోబెట్టింది. 2020లో యునెస్కో ఈ హాకర్ సంస్కృతిని వారసత్వ జాబితాలో చేర్చింది. మన ఊళ్లో బండి వాళ్లని లాఠీలతో తరిమే రోజులు తలుచుకుంటే నాకు ఆ ఏర్పాటు చూసి కడుపు నిండినట్టయింది.

ఈ పేటని పాతకాలంలో మలయ్ భాషలో కండాంగ్ కెర్బావ్ అనేవారట, అంటే గేదెల దొడ్డి. పక్క వీధి ఇప్పటికీ బఫెలో రోడ్డే. ఇది చెబితే అత్తయ్యగారు, "అయితే ఒకప్పుడు ఇక్కడ పాడి ఉండేదన్నమాట" అని ఆ చోటుని కొంచెం ఆదరంగా చూశారు. ఆ వీధి నిండా కూరగాయల కొట్లు, మల్లెపూల దండలు, అరిటాకులు, కరివేపాకు కట్టలు. కరివేపాకు వాసన చూసి, "ఇదేదో మన పూర్ణా మార్కెట్‌లా ఉందే అమ్మాయ్" అన్నారు.

గుడిలో తెలుగావిడ చెప్పిన మాట మరిచిపోయి బాబు ముందు పరిగెత్తి చేపల వైపు గుమ్మంలోంచి దూరాడు. వాడి వెనకే మేం. నేలంతా తడి, ఐసు గడ్డల మీద చేపలు, పక్కన వేలాడదీసిన మేక మాంసం. అత్తయ్యగారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని అక్కడే ఆగిపోయారు. "నన్ను గదికి తీసుకెళ్లిపోండి" అన్నారు. మావారికి బాబు మీద కోపం, నాకు ఆయన మీద కోపం. ఎలాగో ఆవిడ చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చి, చుట్టూ తిరిగి తినే వైపు నుంచి తీసుకెళ్లాం. ఇది చదివేవాళ్లు మాత్రం ఆ పొరపాటు చెయ్యకండి.

తినే వైపు కూడా ఆవిడకి అంత తేలిక కాలేదు. బిర్యానీ స్టాళ్లు ఎక్కువ, పరోటాల స్టాళ్లు ఎక్కువ, మధ్యమధ్యలో శాకాహారం. ఒక స్టాలు ముందు మాత్రం ఇరవై మంది వరసలో ఉన్నారు. బోర్డు మీద తమిళంలోనూ, ఇంగ్లీషులోనూ శాకాహారం అని ఉంది. కౌంటర్లో యాభై ఏళ్లావిడ, పెనం దగ్గర ఆవిడ భర్త. మేం వరసలో నిలబడి తెలుగులో తర్జనభర్జన పడుతుంటే ముందున్న కుర్రాడు వెనక్కి తిరిగాడు.

"ఏటమ్మా, తెలుగోళ్లా? ఏ ఊరు?"

విశాఖ అంటే ముఖం వెలిగిపోయింది. "మాది టెక్కలి దగ్గరమ్మా. టెక్కలి నుంచొచ్చి ఈ టెక్కాలో తింటన్నాను, ప్రతి ఆదివారం." తువాస్ వైపు షిప్‌యార్డులో వెల్డరట. నాలుగేళ్లయింది. వారానికి ఒక్క రోజు సెలవు, గంటకి పైగా రైల్లో వస్తాడు. సాయంత్రమైతే ఈ వీధుల్లో కాలు పెట్టడానికి చోటుండదని, అందుకే పొద్దున్నే వచ్చి అట్టు తిని, ఇంటికి ఫోన్ చేసుకుని వెళ్లిపోతానని చెప్పాడు.

మాకు తెలియని సంగతులన్నీ ఆ అబ్బాయే చెప్పాడు. కొన్ని స్టాళ్లలో అద్దాల పెట్టెలో పేర్చిన వడల్లో రొయ్య ఉంటుంది, పైకి మన గారెలాగే కనిపిస్తుంది, కాబట్టి అడక్కుండా తీసుకోవద్దన్నాడు. పరోటాని అక్కడ ప్రాటా అంటారు. దాని పక్కన గిన్నెలో పోసేది మామూలుగా చేపల పులుసో, మటన్ కూరో. మనం నోరు తెరిచి పప్పు కావాలని చెప్పాలి. "సైవం అని అడగండమ్మా, అరవంలో సైవం అంటే మాంసం లేందని" అన్నాడు. అది విని అత్తయ్యగారు, "శైవులా వీళ్లు?" అని అడిగారు. కాదు మామ్మా, శాకాహారం అని అర్థం అని ఓపిగ్గా చెప్పాడు.

మా వంతు వచ్చింది. అత్తయ్యగారు ఏమీ అడగలేదు, కౌంటరు పక్కకి వెళ్లి పెనం వైపు చూస్తూ నిలబడ్డారు. స్టాలావిడకి అర్థమైనట్టుంది. "వాంగ అమ్మా" అని పిలిచి, పిండి డ్రమ్ము మూత తీసి చూపించింది, గరిటెలు చూపించింది, గుడ్డు కూడా లేదని చేత్తో సైగ చేసింది. వెనక అంతమంది వరసలో ఉన్నా విసుక్కోలేదు. వరసలో వాళ్లూ ఏమీ అనలేదు.

ఆయన పెనం మీద నీళ్లు చిలకరించాడు. చుయ్యిమంది. గుడ్డతో ఒక్క తుడుపు తుడిచి, గరిటెడు పిండి పోసి, గరిటె అడుగుతో నడిమధ్య నుంచి బయటికి తిప్పుకుంటూ వెళ్లాడు. అంచు దగ్గరికి వచ్చేసరికి పిండి పల్చబడి పెనం కనిపిస్తోంది. నూనె చుక్కలు చుట్టూ వేశాక సన్నటి చిల్లులు లేచాయి, ముందు మధ్యలో, తర్వాత అంచుల్లో. అంచు దానంతటదే పెనాన్ని వదిలి పైకి లేచాక గానీ అట్లకాడ పెట్టలేదు. అత్తయ్యగారు అదే చూస్తున్నారు. "తొందరపడట్లేదు" అన్నారు నాతో. ఆవిడ నోట వంట గురించి అంతకంటే పెద్ద మెప్పు నేనెప్పుడూ వినలేదు.

ధరలు రాసుకున్నాను. సాదా దోసె 2.50, మసాలా దోసె 4, మూడు ఇడ్లీలు 3.50, గారె ఒకటి 1.30. మేం రెండు మసాలా, ఒక సాదా, ఇడ్లీ, రెండు గారెలు తీసుకున్నాం, 16.60. టీ వేరే స్టాల్లో కొనుక్కోవాలి, 1.60 చొప్పున మూడు. నలుగురం కడుపునిండా తింటే 21 డాలర్ల 40 సెంట్లు, సుమారు 1,390 రూపాయలు. సర్వీస్ చార్జి లేదు, పన్ను కలపలేదు, రాసిన ధరే కట్టాం. స్థానికులు ఫోన్లతో కడుతున్నారు, మనం చిల్లర నోట్లు దగ్గర ఉంచుకోవడం మంచిది.

ప్లేట్లు పట్టుకుని చోటు వెతుకుతుంటే ఒక బల్ల ఖాళీగా కనిపించింది. మధ్యలో టిష్యూల పొట్లం పడి ఉంది. బాబు దాన్ని పక్కకి నెట్టి కూర్చున్నాడు. రెండు నిమిషాలకి ఒక చైనీసావిడ గిన్నె పట్టుకుని వచ్చి నవ్వుతూ ఆ పొట్లం వైపు చూపించింది. బల్ల మీద టిష్యూ పొట్లం పెడితే ఆ చోటు తమదని అర్థమట, బస్సు సీట్లో మనం రుమాలు వేసినట్టు. లేవబోతే వద్దని ఆపి, మాతోపాటే కూర్చుంది. ఆవిడ తెచ్చుకున్నదీ దోసే. అత్తయ్యగారు ఆవిడ ప్లేటు ఒకసారి చూసి స్థిమితపడ్డారు.

ఇక రుచి. అట్టు బాగా పులిసింది కానీ పుల్లగా లేదు, అంచు కరకర, మధ్య మెత్తన. కొబ్బరి చట్నీ అప్పుడే రుబ్బినట్టుంది, పచ్చిమిర్చి తక్కువ. ఎర్ర చట్నీకి కాస్త కారం ఉంది. సాంబారు మాత్రం మనది కాదు. చింతపండు తక్కువ, పప్పు ఎక్కువ, బంగాళాదుంప, క్యారెట్ ముక్కలు. తమిళనాడు సాంబారు ఇష్టపడేవాళ్లకి కూడా అది కొంచెం చప్పగానే అనిపిస్తుంది. అల్లం పచ్చడి దొరకదు, పెసరట్టు అడగకండి. అత్తయ్యగారు చేతిసంచిలోంచి చిన్న స్టీలు డబ్బా తీశారు. ఇంటి దగ్గర కొట్టిన కందిపొడి. అట్టు మీద జల్లుకుని, మొదటి ముక్క నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకున్నారు. తర్వాత ప్లేటు ఖాళీ అయ్యేదాకా మాట్లాడలేదు. శుక్రవారం రాత్రి నుంచి మొహం ముడుచుకుని తిరుగుతున్న మావారు లేచి వెళ్లి ఆవిడకి ఇంకో అట్టు తెచ్చారు. వద్దనలేదు.

టెక్కలి అబ్బాయికి కందిపొడి రెండు చెంచాలు వేశారు. వాడు అట్టు మానేసి పొడే నాకుతుంటే, "అమ్మకి ఫోన్ చేశావా నాయనా?" అని అడిగారు. తిన్నాక చేస్తానన్నాడు. ముందు చెయ్యమన్నారు. అక్కడే చేశాడు, అత్తయ్యగారు వాళ్లమ్మతో పది నిమిషాలు మాట్లాడారు.

తిన్నాక ట్రే మనమే తీసుకెళ్లి పెట్టే చోట పెట్టాలి. హలాల్‌వి వేరే, మిగతావి వేరే. 2021 నుంచి అది కచ్చితం చేశారు, మొదటిసారి పెట్టకపోతే హెచ్చరిక, రెండోసారికి 300 డాలర్ల జరిమానా. మన ఎంగిలి మనమే తియ్యడం అత్తయ్యగారికి మహా నచ్చింది.

టీ గురించి ఒక్క మాట. మామూలుగా 'తే' అంటే డబ్బా పాలు, పంచదార కలిపి గట్టిగా ఇస్తారు. తియ్యదనం తక్కువ కావాలంటే 'సియూ దాయ్' అనాలి, పంచదార అసలు వద్దంటే 'కోసోంగ్'. అల్లం టీ 'తే హలియా', తప్పకుండా తాగండి. కాఫీ మాత్రం అత్తయ్యగారికి నచ్చలేదు. అక్కడి 'కోపీ' గింజల్ని పంచదార, వెన్న వేసి వేయిస్తారు, మన ఫిల్టర్ కాఫీ అలవాటున్న నాలుకకి మాడు వాసనగా ఉంటుంది.

ఆ రోజు నుంచి యాత్ర మారిపోయింది. జూ, సెంటోసా, గార్డెన్స్ బై ది బే, మెర్లయన్ అన్నీ చూశాం, అన్నీ బాగున్నాయి. రాత్రికి మాత్రం టెక్కా. సోమవారం వెళ్తే స్టాలు మూసి ఉంది, ఆ రోజు చాలా స్టాళ్లకి సెలవట. షట్టరు ముందు బాబు ఏడుపు మొహం పెట్టాడు. అప్పుడు సెరంగూన్ రోడ్డులోనే ఉన్న కోమల విలాస్‌కి వెళ్లాం. 1947 నుంచి నడుస్తున్న హోటలు. కూర్చోబెట్టి వడ్డిస్తారు కాబట్టి ధర హాకర్ సెంటర్‌కంటే ఎక్కువే, కానీ అన్నం, రసం, పెరుగు చూసి మూడు రోజులైంది, మాకు అదే పండగ. మంగళవారం పొద్దున టెక్కాలో బాబు పుట్టు మాయం తిన్నాడు. ఇడియప్పం, అంటే ఆవిరి మీద ఉడికించిన బియ్యప్పిండి సేమ్యా మీద కొబ్బరి కోరు, బెల్లం రంగు పంచదార జల్లి ఇస్తారు, 3 డాలర్లు. పిల్లలకి కారం లేనిదేదైనా కావాలంటే అది తీసుకోండి.

మొత్తం ఐదు పూటలు ఆ స్టాలు దగ్గరే తిన్నాం. టీలతో సహా 104 డాలర్ల 60 సెంట్లు, అంటే 6,800 రూపాయలు. మిగిలిన నాలుగు రాత్రుల కూపన్లు కవరులోనే ఉన్నాయి. తిరిగొచ్చాక ఏజెంటు ఆఫీసుకి వెళ్లి వాటిని బల్ల మీద పెట్టాను. "వాడుకోకపోవడం మీ ఇష్టం మేడమ్, రీఫండ్ రాదు" అన్నాడు. ఒక్క రూపాయి ఇవ్వలేదు. వెజ్ డిన్నర్ ప్యాకేజీ అని ఎవరైనా అంటే హోటలు పేరు, వంటగది వేరేగా ఉందో లేదో, మెనూ కాగితం మీద రాయించుకోండి. రాసివ్వనంటే ఆ డబ్బు కట్టకండి. లిటిల్ ఇండియా దగ్గర గది తీసుకుంటే చాలు, తిండికి టెన్షన్ పడక్కర్లేదు.

బుధవారం రాత్రి విమానం. పొద్దున ఏడున్నరకి చివరిసారి వెళ్లాం. అత్తయ్యగారు తిన్నాక కందిపొడి డబ్బా తీసి స్టాలావిడ చేతిలో పెట్టారు. ఆవిడ మూత తీసి వాసన చూసి, వేలితో నాలిక్కి రాసుకుని, భర్తకి కూడా పెట్టింది. ఆయన పెనం మీద ఉన్న అట్టు మీదే కొంచెం జల్లి, ముక్క తుంపి తిని తల ఊపాడు. ఆవిడ పొడిని తమ గిన్నెలోకి వంచుకుని, డబ్బా కడిగి తుడిచింది. ఖాళీ డబ్బా తిరిగి ఇవ్వకూడదన్నది వాళ్లకీ ఉంది. పళ్లెంలోంచి రవ్వ కేసరి నిండా పెట్టి, మూత బిగించి, రెండు చేతులతో ఇచ్చింది. డబ్బు తీసుకోలేదు. ఒకరికి తెలుగు రాదు, ఒకరికి తమిళం రాదు, ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు.

ఆ కేసరి చాంగీలో గేటు దగ్గర కూర్చుని తిన్నాం. ముందు మనవడి చేతిలో పెట్టి, తర్వాత మాకు పెట్టి, అడుగున మిగిలింది ఆవిడ తిన్నారు. డబ్బా ఇప్పుడు మళ్లీ కందిపొడితో నిండి మా వంటింటి గూట్లో ఉంది. విశాఖ నుంచి ఎవరైనా సింగపూర్ వెళ్తుంటే చెప్పమంటున్నారు అత్తయ్యగారు, అట్లావిడకీ, టెక్కలి అబ్బాయికీ రెండు పొట్లాలు కట్టి ఉంచారు.